తట్టల వరస

ఫిబ్రవరి 6, 1984, సోమవారం

జనవరి అంతా ఖాళీగా పోయింది. ఈ డైరీ బావ ఇచ్చినది. డీజిలు కంపెనీవాళ్ళు కొత్త సంవత్సరానికి ఐసు ఫ్యాక్టరీలో పంచితే, "సదువుకున్నోడివి, నీకయితే పనికొత్తాది" అని తెచ్చి నా చేతిలో పెట్టాడు. రాయడానికి సంగతులేమీ లేక అలాగే ఉంచాను. ఇవాళ ఒకటి దొరికింది. ఆపరేటింగ్ సిస్టమ్స్ మొదటి పరీక్షలో నాకు ముప్ఫైకి ఏడు వచ్చాయి.

ఏడు రావడానికి కారణాలున్నాయి. ప్రశ్నపత్రం అడ్డదిడ్డంగా ఉంది. ముందు బెంచీలో పొడుగాటివాడు కూర్చోవడం వల్ల నాకు గాలి ఆడలేదు. చదివినది రాలేదు, వచ్చినది చదవలేదు. గురునాథరావు మాస్టారు కాగితాలు పంచుతూ నా దగ్గర ఆగి, "అర్జునరావ్, నువ్వు రాసిన జవాబులు చాలా ధైర్యంగా ఉన్నాయి" అన్నారు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను, పెద్దమనిషి తరహాలో.

ఇంట్లో చెప్పలేదు. వాళ్ళు అడగలేదు కాబట్టి చెప్పలేదు. అక్కా బావా కంచరపాలెంలో రెండు గదుల ఇంట్లో ముందు గది నాకిచ్చేసి చదివిస్తున్నారు. నాలుగేళ్ళుగా ఆ గదిలోంచి నడిచేటప్పుడు అక్క అడుగు చప్పుడు కాకుండా నడుస్తుంది, తమ్ముడు చదువుకుంటున్నాడని. ఇది ఆఖరి ఏడాది. అందుచేత ఆ ఏడు మార్కుల సంగతి వాళ్ళకి అవసరం లేదు.

ఫిబ్రవరి 8

చదివినది నా మాటల్లో రాసుకుంటే బుర్రకెక్కుతుందని ఎవరో అన్నారు. ప్రయత్నిస్తాను. మిషను ఒకటి. పనులు బోలెడు. ఎవరి పని ముందు, ఎవరిది వెనక, ఎవరు ఎంతసేపు ఆగాలి అని తేల్చే పెద్దమనిషి పేరు ఆపరేటింగ్ సిస్టమ్. అంతే. దీనికి ఆరువందల పేజీల పుస్తకం దేనికో తెలీదు.

మాస్టారు ఇవాళ ప్రాజెక్టు ఇచ్చారు. ఊళ్ళో నిజంగా జనం నిలబడే ఒక క్యూ పట్టుకుని, ఏ పద్ధతిలో వంతులు వేస్తే జనం తక్కువసేపు ఆగుతారో కంప్యూటర్ మీద లెక్కవేసి చూపించాలి. ఇద్దరిద్దరు ఒక జట్టు. సెమినారు మార్చి 26, సోమవారం, ఉదయం పది గంటలకి. "ఆ పూట రానివాడు ఈ పేపరు వచ్చే ఏడు జూనియర్లతో కలిసి మళ్ళీ చదువుతాడు. జ్వరమొచ్చినా అంతే, పెళ్ళయినా అంతే" అన్నారు.

చీటీలు తీస్తే నాకు ఖైరున్నీసా వచ్చింది. పాత టౌను అమ్మాయి. వాళ్ళ నాన్న అబ్దుల్ హమీద్ గారికి తాళ్ళూ వలలూ అమ్మే కొట్టుంది. ఆవిడకి ముప్ఫైకి ఇరవై ఎనిమిది వచ్చి, ఆ రెండూ ఎందుకు పోయాయని మాస్టారితో వాదించింది. ఆవిడంటే నాకు ప్రత్యేకించి ఏమీ లేదు. పని బాగా జరుగుతుంది, అంతవరకే.

ఆవిడ ఆస్పత్రి ఓపీ క్యూ అంది. నేను ఫిషింగ్ హార్బర్‌లో బావ పనిచేసే ఐసు ఫ్యాక్టరీ అన్నాను. వెంటనే ఒప్పుకుంది. ఒప్పుకున్నప్పుడు తల కొంచెం పక్కకి వంచింది.

ఫిబ్రవరి 11

పొద్దున్నే హార్బర్‌కి వెళ్ళాం. బావ పేరు నీలకంఠం. ఐసు ఫ్యాక్టరీ గేటు దగ్గర కుర్చీ వేసుకుని బోట్లకి వంతులు పిలవడం ఆయన ఉద్యోగం. బయల్దేరే ప్రతి బోటూ ఐసు నింపుకోవాలి. దిమ్మల్ని పొడి చేసే మిషను ఒక్కటే. పొడి ఐసు గొట్టంలోంచి బోటు అడుగుకి జారుతుంది. మధ్యాహ్నం దాటాక ఎవరూ కొత్తగా వేటకి బయల్దేరరు, అది వాళ్ళ పట్టింపు. అందుచేత అప్పటికి ఐసు దొరకనివాడికి ఆ రోజు పోయినట్టే.

తమాషా ఏమిటంటే ఆ క్యూలో మనుషులుండరు. తట్టలుంటాయి. చీకటితో వచ్చి, గేటు ముందు తన తట్ట పెట్టేసి, మనిషి టీకో వల బాగుచేసుకోవడానికో వెళ్ళిపోతాడు. వంతొచ్చేదాకా ఆ తట్టే మనిషి. ఒకరి తట్ట ఇంకొకరు ముట్టుకోరు. కాలు తగిలితే కళ్ళకద్దుకుంటారు. బావ బోటు పేరు పిలవడు, తట్టని పిలుస్తాడు.

"ఎర్రగుడ్డ తట్టోలు రండి! ఓరి, సెవి ఇరిగిన తట్టోడు ఏడిరా? టీకొట్లో నిద్దరోతన్నాడేటి?"

ఖైరున్నీసా చాలాసేపు ఆ తట్టల్ని చూస్తూ నిలబడింది. బావ ఆవిడకి కుర్చీ ఇచ్చేసి తను నిలబడ్డాడు. "సూడమ్మా, మా అర్జునుడు కంప్యూటరు సదువుతన్నాడు. నాను ఐసు కాడ వంతులేత్తన్నాను. ఇద్దరిదీ ఒకటే పనని ఆడే సెప్పినాడు" అని అక్కడున్న అందరికీ వినపడేలా చెప్పాడు.

ఏ బోటు ఎప్పుడొచ్చింది, ఎన్ని దిమ్మలు తీసుకుంది, అన్నీ రాసుకున్నాం. ఇంకో వారం వెళ్ళాలి.

ఫిబ్రవరి 15

లెక్కంతా అట్టకార్డుల మీద చిల్లులుగా పంచ్ చేసి కంప్యూటర్ సెంటర్‌లో ఇచ్చాం. ఒక కామా మరిచిపోయానని రేపు రమ్మన్నారు.

ఫిబ్రవరి 16

ఇంకో కామా.

ఫిబ్రవరి 21

వచ్చింది! ఇప్పుడున్నట్టు ముందొచ్చినవాడికి ముందు అన్న పద్ధతికన్నా, చిన్న పని ఉన్నవాడికి ముందు అన్న పద్ధతిలో సగటున ఆగే కాలం సగానికి సగం తగ్గింది. తక్కువ ఐసు కావలసిన చిన్న బోట్లు గబగబా వెళ్ళిపోతాయి, పెద్దవి వెనకాల నింపుకుంటాయి. పుస్తకంలోనూ ఇదే ఉంది. పుస్తకమూ నేనూ ఒకే మాట మీద ఉండడం ఇదే మొదలు.

ఫిబ్రవరి 22

నిన్న రాత్రి అన్నాలప్పుడు బావకి చెప్పాను. కాగితం మీద గీత గీసి చూపించాను. బావ ముద్ద చేతిలో పట్టుకుని కాసేపు ఆ గీతని చూశాడు.

"అయితే సేసీద్దుం" అన్నాడు.

"ఏటి సేసీడం?" అంది అక్క.

"మన అర్జునుడు సెప్పినట్టే. చిన్న లోడు ముందు, పెద్ద లోడు ఎనక. సోమారం కాణ్ణించి."

అక్క నా వంక చూసింది. "ఒరే తమ్ముడూ, ఇది పరీచ్చకి సదివిందా, నిజిందా?"

"రెండూ ఒకటే అక్కా" అన్నాను.

ఇవాళ ఆ సంగతి ఖైరున్నీసాకి చెబితే మొహం మారిపోయింది. "కాగితం మీదది కాగితం మీద ఉంచండి అర్జునరావు గారూ. మిషన్‌లో పనులు వాటి సైజు అబద్ధం చెప్పవు. మనుషులు చెబుతారు" అంది. అన్నిటికీ అడ్డు చెప్పే స్వభావం కొందరికి ఉంటుంది. ఆవిడేమనుకున్నా నాకు పట్టింపు లేదు.

ఫిబ్రవరి 28

నిన్న మొదలుపెట్టాం. నిన్నా ఇవాళా క్లాసులెగ్గొట్టి అక్కడే ఉన్నాను. అదిరిపోయింది!

ఎనిమిది దాటకుండానే చిన్న బోట్లన్నీ బయల్దేరిపోయాయి. వాళ్ళ మొహాలు చూడాలి. ఒకాయన బావని వాటేసుకున్నాడు. బావ నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, "ఈడే, ఈడే! ఈడి బుర్రలోంచి వచ్చినాది" అన్నాడు. పెద్ద బోట్లవాళ్ళు కొంచెం సణిగారు గానీ మధ్యాహ్నంలోపల వాళ్ళకీ ఐసు అందింది. చిన్న బోట్లవాళ్ళు కోణం చేప, గుప్పెడు రొయ్యలు ఇచ్చారు. అక్క పులుసు పెట్టింది. పక్కింటివాళ్ళకి కూడా గిన్నెడు పంపించింది, ఎందుకో కూడా చెప్పి పంపించింది.

సెమినార్‌లో ఆఖరి మాట ఇలా ఉండాలి: "ఈ పద్ధతి ప్రస్తుతం ఫిషింగ్ హార్బర్‌లో అమలులో ఉన్నది." ఆ వాక్యం పైకి చదువుకుని చూశాను. బాగుంది. ఇంకోసారి చదివాను.

మార్చి 2

మళ్ళీ రొయ్యలు.

మార్చి 5

పోలిరాజు అని ఒకడున్నాడు. పెద్ద బోటు, పెద్ద గొంతు, పెద్ద మీసం. నలభై దిమ్మలు కావాలి అతనికి. వారం రోజులు అందరికన్నా వెనకపడ్డాడు. ఇవాళ ఎనిమిది కొత్త తట్టలతో దిగాడు. ఒక్కొక్క తట్టకి ఐదేసి దిమ్మలట.

"ఇదేటి బావా?" అన్నాడు మా బావ. హార్బర్‌లో అందరూ ఒకరికొకరు బావలే.

"ఎనిమిది చిన్న లోడులు బావా. చిన్న లోడు ముందని నువ్వే గదా అన్నావు" అన్నాడు పోలిరాజు.

"బోటు ఒకటే గదేటి?"

"బోటు సంగతి నీ రూల్లో లేదు. ఉంటే సూపించు."

లేదు. బావ నా వైపు చూశాడు. నేను సముద్రం వైపు చూశాను. ఇది పద్ధతిలో లోపం కాదు, వాడుకునేవాళ్ళలో క్రమశిక్షణ లోపం. సెమినార్‌లో ఒక వాక్యం చేర్చాలి.

మార్చి 8

ఇవాళ గేటు ముందు నుంచి వేలంపాట షెడ్డు దాకా తట్టలే. అందరూ లోడుని ముక్కలు చేసుకుని వచ్చారు. బజార్లో తట్టలు దొరకడం లేదట. ఒకడు బిందె పెట్టాడు. ఒకడు టైరు పెట్టాడు. ఒక ముక్క ఈ బోటుకి, ఒక ముక్క ఆ బోటుకి, ప్రతిసారీ గొట్టం తిప్పాలి, తాడు విప్పాలి, కట్టాలి. ఒక పని ఆపి ఇంకో పనికి మారడానికి మిషన్‌కి కూడా కొంత కాలం పడుతుందని పుస్తకంలో ఉంది. ఆ పేజీ నేను దాటేశాను.

బావ గొంతు బొంగురుపోయింది. ఖైరున్నీసాకి ఇంకా చెప్పలేదు. ఆవిడ అడగలేదు. అంటే అడిగింది గానీ, నేను బస్సు వచ్చిందన్నాను.

మార్చి 10

తవిటయ్య గారి సంగతి రాయాలి. హార్బర్‌లో అందరికన్నా పెద్దవాడు. ఆయన పేటవాళ్ళ బోట్లన్నీ ఆయన మాట మీద నడుస్తాయి. ఆయనకి ముప్ఫై దిమ్మలు కావాలి. ఆయన మాత్రం ఒకటే తట్ట పెడతాడు. చుట్టూ పిల్ల తట్టలన్నీ కదిలిపోతుంటే ఆ ఒక్కటీ మొన్న మధ్యాహ్నం దాకా అలాగే ఉంది. నిన్నా అలాగే ఉంది. ఇవాళా అలాగే ఉంది. మూడు రోజులుగా ఆయన బోటు కదల్లేదు.

బావ వెళ్ళి చెవిలో చెప్పాడు. "బాబూ, నువ్వూ నాలుగు ముక్కలు సేసీరాదా?"

"నా బోటొకటే. నా తట్టొకటే. నాను దొంగలెక్క సెప్పను" అని ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. వెళ్తూ నన్నొకటి తిట్టాడు, అది రాయను.

దారిలో బావ, "అర్జునా, పాతదానికి ఎల్లిపోదామేటి?" అన్నాడు.

"ఇంకో నాలుగు రోజులు సూద్దుం బావా. కుదురుకోవాల గదా" అన్నాను.

"నువ్వు సూద్దుమంటే సూద్దుం" అన్నాడు. అంతే, ఇంకేమీ అడగలేదు.

కుదురుకోవడానికి టైము పడుతుంది. ఏ పద్ధతికైనా పడుతుంది. సెమినార్‌లోని ఆ ఆఖరి వాక్యం కోసం నేనిలా అంటున్నానని ఎవరైనా అనుకుంటే అది వాళ్ళిష్టం.

మార్చి 12

చిన్న పనులు వస్తూనే ఉంటే పెద్ద పనికి వంతు ఎప్పటికీ రాదు. దానికి పుస్తకంలో పెట్టిన పేరు ఆకలిచావు. పరీక్షలో దీని మీద రెండు మార్కుల ప్రశ్న వచ్చింది. నేను రాయలేదు.

మార్చి 14

దెబ్బలాట అయింది.

పోలిరాజు మనిషొకడు, తన తట్టలకి చోటు చాల్లేదని తవిటయ్య గారి తట్టని కాలితో తన్నాడు. అది దొర్లుకుంటూ వెళ్ళి నీళ్ళలో పడింది. టీకొట్లో వాళ్ళు కూడా గ్లాసులు పట్టుకుని బయటికొచ్చారు. తర్వాత తవిటయ్య గారి పేటవాళ్ళు లేచారు. పోలిరాజువాళ్ళు లేచారు. తట్టలు, బిందెలు, టైర్లు గాల్లోకి లేచాయి. ఇద్దరికి తలలు పగిలాయి. బావ మధ్యలోకి వెళితే చొక్కా చిరిగింది.

ఫ్యాక్టరీ ఓనరు పరుగెత్తుకొచ్చి, "ఎవడ్రా వరస మార్చింది?" అని అరిచాడు.

"నానే బాబూ" అన్నాడు బావ.

నేను పది అడుగుల దూరంలో ఉన్నాను. నోరు తెరిచాను కూడా. బావ కళ్ళతోనే వద్దన్నాడు.

బావని పనిలోకి రావద్దన్నారు. తవిటయ్య గారు ఈ ఫ్యాక్టరీ ముందు ఇంక తట్ట పెట్టనని చెప్పి వెళ్ళిపోయాడు. ఆయనతో పేట మొత్తం వెళ్ళిపోయింది.

మార్చి 15

అక్క ఇవాళ నాతో మాట్లాడలేదు. పన్ను నొప్పి అయ్యుంటుంది.

మార్చి 17

ఓనరుకి నా పేరు చెప్పేస్తానన్నాను. బావ నవ్వాడు. "నీ పేరు సెప్తే ఇంకా తిడతాడు, కాలేజీ గుంటడి మాట ఇని నా ఫ్యాక్టరీ ముంచేసినావని. నాను సొంతంగా ఎర్రిపని సేసినానంటే కొంత మర్యాదగా ఉంటాది."

బావ అరుగు మీద కూర్చుని వచ్చేపోయే రైళ్ళ పెట్టెలు లెక్కపెడుతున్నాడు. సాయంత్రం గూడ్సొకటి వెళుతుంటే, "ఇది తవిటయ్య తాతలాటిది అర్జునా. అన్నీ దాటిపోయినాక ఎల్తాది" అన్నాడు. ఆయన నవ్వితే నేనూ నవ్వాను. లోపలికొచ్చి కూర్చున్నాను. నిజం రాయాలంటే, ఏడ్చాను.

అక్క పన్ను నొప్పి తగ్గలేదు. కంచంలో అన్నం పెడుతుంది, నీళ్ళు పెడుతుంది, మాట మాత్రం లేదు.

మార్చి 19

ఖైరున్నీసాకి శుక్రవారమే అంతా చెప్పాను. "నేను చెప్పానా" అంటుందని సిద్ధపడి వెళ్ళాను. అనలేదు. తాళ్ళ కొట్టులో ఆ కబురు వాళ్ళ నాన్నకి దెబ్బలాట అయిన సాయంత్రమే తెలిసిందట. "మీ బావగారికి దెబ్బలేమైనా తగిలాయా?" అని మాత్రం అడిగింది.

మూడు రోజులు కూర్చుని లెక్క మార్చాం. ఎంత ఎక్కువసేపు ఆగితే అంత ముందుకి జరుపుకుంటూ పోవాలి. అప్పుడు ఎవరూ శాశ్వతంగా వెనకపడరు. కంప్యూటర్ ఒప్పుకుంది. ఈ గీతలు తీసుకెళ్ళి ఓనరుకి చూపిస్తానన్నాను.

"అర్జునరావు గారూ, మీరు ఇంకొక్క గీత తీసుకుని హార్బర్‌కి వెళ్ళారంటే వాళ్ళు మిమ్మల్ని నీళ్ళలో పడేస్తారు. నేను తాడు కూడా వెయ్యను" అంది.

మార్చి 22

వేలంపాట షెడ్డులో మీటింగ్ జరిగింది. పోలిరాజు ఒక్కడే కొత్త రూలు ఉండాలన్నాడు, ఎనిమిది తట్టలు కొన్నానని. ఓనరు ఆఖరికి ఒక మాట చెప్పాడు. సోమవారం పాత పద్ధతిలో వరస పెట్టించాలి. ఆ పూట నీలకంఠం కుర్చీలో కూర్చుంటాడు. తవిటయ్యా, ఆయన పేటా వచ్చి గొడవ లేకుండా సాగితే ఉద్యోగం ఉంటుంది. లేకపోతే కుర్చీలోకి వేరే మనిషి వస్తాడు.

సోమవారం అంటే 26, సెమినారు రోజు.

మార్చి 24

తవిటయ్య గారింటికి వెళ్ళాను. వల ముందేసుకుని కూర్చున్నాడు. కూర్చోమనలేదు. నిలబడే చెప్పాను, అది నా తప్పనీ, బావది కాదనీ.

"ఆ ముక్క హార్బరంతటికీ తెలుసు. మీ బావ మూడేళ్ళబట్టీ నీ గొప్పలే సెప్తన్నాడు. ఆడికి సొంతంగా బుర్రెక్కడిది?" అన్నాడు.

"సోమవారం రండి తాతా. మీరొస్తేనే బావ ఉద్యోగం ఉంటాది."

"తన్నిన తట్టని మళ్ళీ నా సేత్తో ఎట్టనా? ఎట్టను."

"నేను పెడతాను."

ఆయన వల అల్లడం ఆపాడు. "ఎట్టి ఎల్లిపోతే ఇంకోడు తంతాడు. ఒకపాలి తన్నీసినాక తట్టకి ఇలువేటుంది? ఎట్టి, దాని పక్కని కూకో. నా వంతు వొచ్చీదాకా లెగకూడదు. లెగిసినావా, నా పేట పేటంతా లెగిసిపోతాది. అలగయితే వొత్తాను."

"మీ వంతు ఎప్పుడొస్తాది?"

"మునుపటిలాగ పొద్దెక్కినాక. పదో, పదకొండో. నీకేటి తొందర?"

తొందరేమీ లేదన్నాను.

మార్చి 25

పొద్దుటినుంచీ లెక్కలు వేస్తున్నాను. ఆటో ఎక్కితే? కుదరదు. మాస్టారిని బతిమాలితే? జ్వరమొచ్చినా అంతే, పెళ్ళయినా అంతే. బావకి చెబితే? బావ నన్ను మెడపట్టి కాలేజీకి తోసేస్తాడు, తన ఉద్యోగం పోయినా సరే. ఆయన అలాంటివాడు. అందుకే చెప్పకూడదు.

మధ్యాహ్నం తాళ్ళ కొట్టుకి వెళ్ళి ఖైరున్నీసాకి చెప్పాను. "డిగ్రీ ఏడాది ఆగుతుంది" అంది.

"ఆగుతుంది."

"ఒక్కదాన్నే చెప్పడం నాకు కష్టం కాదు. మీ పేరు ఎక్కడ చెప్పమంటారు? మొదట్లోనా, తప్పు దగ్గరా?"

"రెండు చోట్లా" అన్నాను. నవ్వింది. నవ్వి, అటు తిరిగి తాడు చుట్ట ఒకటి అనవసరంగా సర్దింది.

మార్చి 26

చీకటితో లేచి, లుంగీ కట్టుకుని, సందులోంచి బయటపడ్డాను. కొత్త తట్ట నెత్తి మీద పెట్టుకున్నాను. తవిటయ్య గారు గేటు దగ్గర కాచుకుని ఉన్నాడు.

"ఇదేటి తట్టా, కోడిపిల్లల్ని కప్పీదా?"

"బజార్లో ఇదే దొరికింది తాతా. మిగతావన్నీ పోలిరాజు కొనేసినాడు."

"ఇక్కడ కాదు, అక్కడెట్టు. తిన్నగా ఎట్టు. కూకో."

కూర్చున్నాను. అప్పటికే ముందర నాలుగైదు తట్టలున్నాయి. నా వెనక ఆయన పేటవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి ఒక్కొక్క తట్ట పెట్టారు. పెట్టి, ఎవరూ వెళ్ళలేదు. నాలాగే తట్ట పక్కన కూర్చున్నారు. ఇదివరకు తట్ట ఒక్కటే చాలేది. ఇప్పుడు తట్టకి కాపలా మనిషి కావలసి వచ్చాడు. ఆ హార్బర్‌కి నేను చేసిన మేలు ఇదీ.

బావ కుర్చీలోకి వచ్చి నన్ను చూసి తెల్లబోయాడు. "నువ్విక్కడేటిరా? ఇయ్యాల సెమినారు గదేటి?"

"సాయంత్రానికి మార్చినారు బావా."

"నిజంగా?"

"మాస్టారికి జ్వరం."

మాస్టారు క్షమించాలి.

ఎండెక్కాక పోలిరాజు వచ్చాడు. ఎనిమిది తట్టలూ ఒకదానిలో ఒకటి పెట్టి మోసుకొచ్చాడు. బావ చేతిలో పెన్సిలు ఆగిపోయింది. పైన ఆఫీసు కిటికీలో ఓనరు తల కనిపించింది. వెనకాల పేటవాళ్ళు లేచి నిలబడ్డారు. పోలిరాజు నా ముందుకొచ్చి మీసం సవరించుకున్నాడు.

"ఏటి ఇంజినీరు బాబూ, సదువు మానేసి తట్టయిపోనావేటి?"

"అవునన్నా. ఇవాళ్టికి తట్టనే. తన్నాలంటే నన్ను తన్నండి. దీన్ని మాత్రం వొద్దు" అన్నాను. ధైర్యంగా అన్నానని రాయాలని ఉంది గానీ, అంటూనే తట్టని రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాను.

అతను నన్నూ, తట్టనీ, వెనక నిలబడ్డ పేటనీ చూశాడు. వరస చివరికంటా నడుచుకుంటూ వెళ్ళాడు. ఒక తట్ట దింపి నేల మీద పెట్టాడు. తక్కిన ఏడూ బోర్లించి, వాటి మీద కుర్చీలాగ కూర్చుని, బీడీ ముట్టించాడు. "ఎక్కడికీ ఎల్లకుండా కూకోమంటే, మాకు కుర్సీ అయినా ఉండొద్దేటి!" అని అరిచాడు. మొదట తవిటయ్య గారే నవ్వాడు. తర్వాత అందరూ.

పది గంటలకి దూరంగా ఏదో ఓడ కూత వేసింది. ఈపాటికి ఖైరున్నీసా బోర్డు దగ్గర నిలబడి ఉంటుందనుకున్నాను. నేను లేవలేదు.

పదిన్నర దాటాక బావ నిలబడి, బొంగురు పోయిన గొంతంతా కూడదీసుకుని పిలిచాడు. "కోడిపిల్లల తట్టోలు రండీ!"

తవిటయ్య గారి బోటు ఐసు నింపుకుని బయల్దేరింది. ఆయన నాకేసి చెయ్యి ఊపలేదు, నవ్వలేదు. బోటు తిరిగేటప్పుడు మళ్ళీ ఏదో తిట్టాడు. ఇంజను చప్పుడులో వినపడలేదు.

బావ ఉద్యోగం ఉంది.

మార్చి 28

మాస్టారి గదికి వెళ్ళాను. ఖైరున్నీసా సెమినార్‌లో అంతా ఉన్నదున్నట్టు చెప్పిందట, తట్టలతో సహా. "ఇన్నేళ్ళలో నేను విన్న సెమినార్లలో ఇది బాగుంది" అన్నారు. ఆశ పుట్టింది. "రూలు రూలే" అన్నారు. "వచ్చే ఏడు మొదటి బెంచీలో కూర్చో. గాలి బాగా వస్తుంది."

బయట ఖైరున్నీసా నిలబడి ఉంది. ఆవిడకి ముప్ఫైకి ముప్ఫై. తన నోట్సు కట్ట నా చేతిలో పెట్టింది. "చివరి రెండు మార్కులూ ఎలా వచ్చాయో అందులో లేదు. అది కొట్టుకొచ్చి అడగాలి" అంది. ఆవిడంటే నాకు ప్రత్యేకించి... సరే. ఇంకెప్పుడైనా రాస్తాను.

మార్చి 30

బావ వీధి వీధంతా తిరిగి చెప్పుకుంటున్నాడు. పాలవాడికి, ఇస్త్రీవాడికి, రైల్వే గేటు దగ్గర పనిచేసే ఆయనకి. "మావోడు సెమినార్లో అదరగొట్టీసినాడు! మాస్టారు జొరంతో కూడా లేచి సప్పట్లు కొట్టినాడంట!" జ్వరం నేను చెప్పాను. చప్పట్లు బావ సొంతంగా చేర్చుకున్నాడు.

సాయంత్రం బావ డ్యూటీలో ఉన్నాడు. అక్క వాకిట్లో చేటలో బియ్యం పోసుకుని రాళ్ళేరుతోంది. నేను దాటి వెళ్ళబోతుంటే, తల ఎత్తకుండా అంది. రెండు వారాల తర్వాత అదే మొదటి మాట.

"మళ్ళీ ఎప్పుడు రాయాల్రా?"

"ఏటి రాయడం?" అన్నాను.

"ఆ రోజు నీకోసం తెల్లసొక్కా ఇస్త్రీ సేయించి మంచం మీదెట్టినాను. నువ్వు సీకట్లో లుంగీతో ఎల్లిపోనావు. రాత్రి నువ్వు పడుకునీదాకా సూసినాను. మడత మడతలాగే ఉన్నాది."

నేను అరుగు మీద కూర్చున్నాను. మాట్లాడని ఆ రోజుల్లో కూడా అక్క నా చొక్కా ఇస్త్రీకి ఇచ్చింది. నేను చూసుకోనే లేదు.

"వచ్చే ఏడక్కా. జూనియర్లతో."

ఆమె ఇంకో రెండు రాళ్ళేరి పారేసింది. "మీ బావకి సెప్పకు. సంబరపడతన్నాడు, పడనీ."

"సరే."

"ఆ మంచం నులక వొదులైపోనాది. రేపు బిగించుకో. ఇంకో ఏడు పడుకోవాల గదా."

చేట తీసుకుని లోపలికి వెళ్ళింది. నా గదిలోంచి వెళ్ళేటప్పుడు ఎప్పటిలాగే అడుగు చప్పుడు కాకుండా నడిచింది. పొద్దున్నే లేచి నులక బిగించాలి.